పద్దుల పేజీ: తేడా వస్తే సర్దేయకండి, వెతకండి

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో చాలావాటిది ఒకటే గోడు. "ఎంట్రీలన్నీ కొట్టాం మేడమ్, అయినా లెక్క కలవడం లేదు." రాసినవాళ్లలో మేత షాపుల గుమాస్తాలు, మిల్లుల్లో అకౌంటెంట్లు, ఇంట్లో కూర్చుని వ్యాపారం పద్దులు చూస్తున్న ఇల్లాళ్లు, కంప్యూటర్లో పద్దులు రాసే ట్యాలీ సాఫ్ట్‌వేర్ ఇప్పుడిప్పుడే నేర్చుకుంటున్న పిల్లలు ఉన్నారు. షాపుల సంగతులు కాబట్టి పేర్లు వేయడం లేదు, ఊళ్లు మాత్రం వేస్తున్నాను.

నేను భీమవరంలో ఉంటూ ఈ చుట్టుపక్కల దుకాణాల పద్దులు చూస్తాను. నా దగ్గర పనిలో చేరిన అమ్మాయిలకి మొదట చెప్పే మాట ఇది: కంప్యూటరు కూడికలో తప్పు చేయదు, తప్పు చీటీకీ కీబోర్డుకీ మధ్య జరుగుతుంది. తేడా వచ్చినప్పుడు స్క్రీన్ కేసి చూస్తూ కూర్చుంటే లాభం లేదు, చీటీల కట్ట విప్పాలి. కింద చెప్పిన కీలన్నీ ట్యాలీప్రైమ్‌వి.

ప్రశ్న: మేడమ్ గారూ, మాది రొయ్యల మేత అమ్మే షాపు. చెరువు పట్టుబడి అయ్యేదాకా రైతులకి అప్పు మీద మేత ఇస్తాం. డబ్బు కట్టినప్పుడల్లా రసీదు ఎంట్రీ వేస్తున్నాను. రైతు లెడ్జరు (ఆయన పేరు మీది ఖాతా) చూస్తే బ్యాలెన్స్ కరెక్టుగానే ఉంది. కానీ బిల్లుల వారీగా బాకీల రిపోర్టు తీస్తే, ఎప్పుడో కట్టేసిన బిల్లులు కూడా బాకీ ఉన్నట్టే చూపిస్తోంది. మా ఓనరు గారు ఆ కాగితం చూసి ఒక రైతుకి ఫోన్ చేశారు. ఆయన షాపుకొచ్చి రసీదులు బల్ల మీద పెట్టి వెళ్లిపోయారు. చాలా టెన్షన్‌గా ఉంది. (గుమాస్తా, ఆకివీడు)

జవాబు: బాబూ, లెడ్జరు సరిగ్గా ఉండి బాకీల రిపోర్టు ఒక్కటే తప్పు చూపిస్తోందంటే, మీరు మొత్తాలు తప్పు కొట్టలేదన్న మాట. వచ్చిన డబ్బు ఏ బిల్లుకి జమ కట్టాలో చెప్పలేదు, అంతే.

ఎఫ్6 నొక్కి రసీదు తెరిచి, రైతు పేరు, మొత్తం కొట్టాక ఒక చిన్న తెర వస్తుంది. అందులో అడ్వాన్స్, ఎగైనెస్ట్ రెఫ్, న్యూ రెఫ్, ఆన్ అకౌంట్ అని నాలుగు ఉంటాయి. పట్టుబడి రోజుల్లో షాపులో జనం ఉంటారు, చేతికి ఎంటర్ కొట్టడం అలవాటైపోయి ఉంటుంది, ఆ తెరని చదవకుండానే దాటించేస్తాం. ఆన్ అకౌంట్ అని పడితే డబ్బు రైతు పేరు మీద జమ అవుతుంది గానీ ఏ బిల్లునీ తీర్చదు. న్యూ రెఫ్ అని పడితే ఇంకా తికమక. కట్టిన డబ్బు కొత్త బిల్లు పేరుతో వేరే వరుసలో నిలబడుతుంది. పాత బిల్లు మాత్రం బాకీగానే ఉండిపోతుంది.

ఒక లెక్క వేసి చూపిస్తాను. రైతుకి 412 నంబరు బిల్లు 1,86,400 రూపాయలు, 455 నంబరు బిల్లు 92,750 రూపాయలు ఉన్నాయనుకోండి. ఆయన 2,00,000 కట్టారు. మీరు ఎగైనెస్ట్ రెఫ్ ఎంచుకుంటే రెండు బిల్లులూ జాబితాలో కనిపిస్తాయి. 412 తీసుకుని 1,86,400 పెట్టండి. మిగిలిన 13,600కి మళ్లీ ఎగైనెస్ట్ రెఫ్ అని 455 తీసుకోండి. ఇప్పుడు రిపోర్టులో 412 మాయమవుతుంది, 455 మీద 79,150 మాత్రమే మిగులుతుంది. లెడ్జరు బ్యాలెన్స్ కూడా అదే 79,150. రెండూ ఒకటే అంకె చూపించే వరకు ఆ రైతు పద్దు వదలొద్దు.

ఇప్పటికే తప్పుగా పడిన రసీదుల్ని సరిచేయడానికి కొత్త ఎంట్రీలు అక్కర్లేదు. బాకీల రిపోర్టులో ఆ రైతు పేరు తెరిస్తే ఆన్ అకౌంట్ అని ఒక వరుస కనిపిస్తుంది. పాత రసీదుని తెరిచి, ఆ చిన్న తెర దాకా ఎంటర్ కొట్టుకుంటూ వెళ్లి, అక్కడ మార్చి, కంట్రోల్+ఏ నొక్కి సేవ్ చేయండి. జాబితాలో పాత బిల్లే కనిపించలేదంటే ఓపెనింగ్ బ్యాలెన్స్ చూడండి. ఏప్రిల్ 1న బాకీ మొత్తాన్ని ఒకే ముద్దగా వేసి ఉంటారు. లెడ్జరు ఆల్టర్‌లోకి (ఖాతాలో మార్పులు చేసే తెర) వెళ్లి ఆ ముద్దని బిల్లుల వారీగా విడగొట్టాలి. బిల్లు నంబర్లు కూడా ఒకే పద్ధతిలో కొట్టండి. ఒకచోట 412 అనీ, ఇంకోచోట 0412 అనీ ఉంటే దానికి అవి రెండు వేరు బిల్లులు.

అన్ని పద్దులూ ఒక్కరోజులో సరిచేయడం కుదరదు. త్వరలో పట్టుబడి ఉన్న రైతుల పేర్లు ముందు పట్టుకోండి, వాళ్లకే ముందు ఫోన్లు వెళ్తాయి కాబట్టి. ఏ బిల్లుకి కడుతున్నారో రైతు ప్రత్యేకంగా చెబితే ఆయన చెప్పినట్టే వేయండి, చెప్పకపోతే పాత బిల్లు ముందు తీర్చండి. మీ ఓనరు గారితో ఒక్క మాట చెప్పండి: బిల్లుల రిపోర్టు చూసి ఫోన్ చేసే ముందు ఆ రైతు లెడ్జరు కూడా తీసి చూడమనండి. చెరువు మీద అంత అప్పు చేసి, వైరస్ భయంతో రాత్రిళ్లు కాపలా పడుకుని, పంట చేతికి రాగానే తెచ్చి కట్టిన మనిషిని మళ్లీ బాకీ అడగడం చిన్న విషయం కాదు. రసీదులు బల్ల మీద పెట్టి వెళ్లిన ఆ రైతు దగ్గరికి వెళ్లి, సరిచేసిన స్టేట్‌మెంట్ చేతికిచ్చి రండి.

ప్రశ్న: మా రైస్ మిల్లులో సాయంత్రం క్యాష్ లెక్క చూస్తే ట్యాలీలో ఉన్నదాని కంటే పెట్టెలో 4,500 తక్కువగా ఉంది. రెండు రోజులుగా వెతుకుతున్నాను. ఇతర ఖర్చులు అని 4,500 వేసేసి కలిపేయమని పక్క సీటాయన అంటున్నారు. వేసేయనా? (అకౌంటెంట్, అత్తిలి)

జవాబు: వద్దమ్మా. ఈ రోజు ఇతర ఖర్చులు అని వేసేస్తే, అసలు తప్పు అలాగే ఉంటుంది, దాని పక్కన రెండో తప్పు చేరుతుంది. రేపు ఆ చీటీ దొరికినా ఏది తీసేయాలో ఎవరికీ గుర్తుండదు. పైగా దాళ్వా ధాన్యం దిగే రోజుల్లో హమాలీ కూలీ, లారీ కిరాయి, గోనె సంచులు అన్నీ నోట్లతోనే నడుస్తాయి. ఇలాంటి ఇతర ఖర్చులు నాలుగు చేరితే, నిజంగా డబ్బు పోయిన రోజున అది కూడా వాటిలోనే కలిసిపోతుంది.

తేడా అంకెని ముందు చదవాలి. 4,500ని 9తో భాగించండి, 500 వస్తుంది, శేషం లేదు. తేడా 9తో పూర్తిగా భాగమైతే అంకెలు తారుమారై ఉండొచ్చు, లేదా ఒక సున్నా ఎక్కువో తక్కువో పడి ఉండొచ్చు. హమాలీలకి 7,250 ఇచ్చి 2,750 అని కొట్టారనుకోండి, తేడా సరిగ్గా 4,500. తవుడు అమ్మగా 500 వస్తే 5,000 అని పడిందనుకోండి, అప్పుడూ 4,500.

తర్వాత సగం చేయండి: 2,250. ఖర్చు రాయాల్సిన 2,250ని ఎఫ్5 బదులు ఎఫ్6 నొక్కి రసీదుగా వేసి ఉంటే, తేడా దానికి రెట్టింపు, అంటే 4,500 వస్తుంది. ఇవేవీ కాకపోతే 4,500 రూపాయల చీటీ ఒకటి అసలు ఎంట్రీకే రాకుండా ఏ పుస్తకంలోనో ఉండి ఉండాలి.

పెట్టెలో డబ్బు తక్కువ, ట్యాలీలో ఎక్కువ. కాబట్టి ఖర్చులు తక్కువగా పడ్డాయా, రాబడి ఎక్కువగా పడిందా అన్న రెండే చూడండి. ఖర్చు ఎక్కువ పడిందేమో అని వెతికే పని లేదు, సగం శ్రమ అక్కడే తగ్గిపోతుంది. క్యాష్ బుక్ తెరిచి పెట్టె లెక్క కలిసిన చివరి రోజు ఏదో పట్టుకోండి. ఆ మర్నాటి నుంచి మాత్రమే చూడాలి. ఒకరు చీటీ చదవాలి, ఇంకొకరు స్క్రీన్ మీద చూడాలి. ఒకే మనిషి రెండూ చూస్తే కన్ను తను కొట్టిందే చదువుతుంది. పక్క సీటాయన్ని ఆ సాయానికి పిలవండి.

మధ్యలో ఏ రోజైనా క్యాష్ బ్యాలెన్స్ క్రెడిట్‌లోకి, అంటే సున్నా కిందకి వెళ్లిందేమో కూడా చూడండి. పెట్టెలో లేని డబ్బు ఖర్చు పెట్టడం ఎవరి తరమూ కాదు. అలా కనిపించిన రోజు బ్యాంకు నుంచి తెచ్చిన డబ్బు ఎంట్రీ తర్వాతి తేదీలో పడి ఉంటుంది.

ఇన్ని చేసినా దొరక్కపోతే, ఓనరు గారికి చెప్పి, సస్పెన్స్ అకౌంట్ (సంగతి తేలేదాకా మొత్తాన్ని ఉంచే ఖాతా) అని తేటగా రాసి, నెరేషన్‌లో (ఎంట్రీ కింద వివరం రాసే గడిలో) 'క్యాష్ తేడా, వెతుకుతున్నాం' అని తేదీతో పెట్టండి. అది కనబడుతూ ఉంటుంది. ఇతర ఖర్చుల్లో వేస్తే కనబడదు.

ప్రశ్న: నేను డిగ్రీ చదువుతూ ట్యాలీ నేర్చుకుంటున్నాను మేడమ్. ఇంట్లో ల్యాప్‌టాప్‌లో వేసుకున్నాను. 15వ తేదీ కొడితే తీసుకోవడం లేదు. 1, 2 తేదీలు అయితే తీసుకుంటోంది. సాఫ్ట్‌వేర్ పాడైందా? (విద్యార్థిని, అమలాపురం)

జవాబు: పాడవలేదమ్మా. లైసెన్సు లేకుండా ఎడ్యుకేషనల్ మోడ్‌లో తెరిచావు. అందులో 1, 2, 31 తేదీలకే ఎంట్రీలు పడతాయి. నేర్చుకోవడానికి అది చాలు. సాధన లెక్కలన్నీ 1, 2 తేదీలకి మార్చుకుని వేసుకో. ఎవరిదైనా నిజం వ్యాపారం లెక్క మాత్రం అందులో మొదలు పెట్టొద్దు.

ప్రశ్న: అమ్మా, మాది కొబ్బరి వ్యాపారం. రైతుల దగ్గర వెయ్యి కాయలు ఇంత అని కొంటాం. మా అబ్బాయి కంప్యూటర్లో 2,350 కాయలు, రేటు 14,000 అని కొడితే బిల్లు కోట్లలో వచ్చింది. వాడు కాలిక్యులేటర్‌తో విడిగా లెక్క వేసుకుని మొత్తం మాత్రం కొడుతున్నాడు. ఇలా చేయొచ్చా? (వర్తకులు, అంబాజీపేట)

జవాబు: బాబయ్య గారూ, మీరు చెప్పిన రేటు వెయ్యికి, సాఫ్ట్‌వేర్ అనుకున్నది కాయకి. అందుకే 32,900 రావాల్సింది 3,29,00,000 వచ్చింది. అబ్బాయి చేసే పద్ధతి తప్పేమీ కాదు. పరిమాణం కొట్టి, రేటు ఖాళీ వదిలి మొత్తం కొడితే రేటు కాయకి 14 రూపాయలని అదే వేసుకుంటుంది. కానీ మార్కెట్లో ఎవరూ కాయ లెక్కన మాట్లాడరు. నెలాఖరున రిపోర్టు తీస్తే ఏ రోజు ఏ ధరకి కొన్నారో మీ కంటికి ఆనదు. విడిగా కాలిక్యులేటర్ మీద వేసిన అంకె మళ్లీ కొట్టేటప్పుడు తప్పు పడే అవకాశమూ ఉంది.

శాశ్వతంగా సరిచేయాలంటే యూనిట్లు సరిగ్గా కట్టాలి. కాయ అని ఒక యూనిట్, వెయ్యి అని ఒక యూనిట్ తయారుచేసి, ఒక వెయ్యికి 1000 కాయలు అని కాంపౌండ్ యూనిట్ పెట్టి, కొబ్బరికాయ అనే ఐటమ్‌కి అది ఇవ్వమనండి. రేటు పక్కనే 'పర్' అని ఒక గడి ఉంటుంది. అందులో వెయ్యి అని ఉందో, కాయ అని ఉందో చూసి మరీ ఎంటర్ కొట్టమనండి.

ఇదే తంటా ధాన్యం కొనేవాళ్లకీ వస్తుంది. మన దగ్గర బస్తా అంటే 75 కిలోలు. కాటా చీటీ మీద కిలోలు ఉంటాయి, బేరం బస్తాల్లో జరుగుతుంది. ఒక్క బస్తాకి 75 కిలోలు అని కాంపౌండ్ యూనిట్ ముందే పెట్టుకుంటే రెండూ కలుస్తాయి. కిలో యూనిట్ తయారు చేసేటప్పుడు దశాంశ స్థానాల సంఖ్య అడుగుతుంది. అక్కడ 0 వదిలేస్తే 37.5 కిలోలు అని కొట్టినా ఆ అర నిలవదు. 2 గానీ 3 గానీ పెట్టుకోండి. అరకిలోలు చిన్నవే, కానీ సీజన్ మొత్తానికి స్టాకు తేడా అక్కడి నుంచే వస్తుంది.

ప్రశ్న: అక్కా, మాది ఎరువుల షాపు. మా వారు కొట్లో ఉంటే నేను సాయంత్రాలు ఎంట్రీలు వేస్తాను. ఒకే రైతు పేరు మీద మూడు లెడ్జర్లు తయారయ్యాయి. ఒకదాంట్లో అప్పు ఉంది, ఇంకోదాంట్లో ఆయనకే మేం ఇవ్వాలని ఉంది. ఎలా కలపాలి? (గృహిణి, వీరవాసరం)

జవాబు: అమ్మా, మన జిల్లాల్లో ఇది రాకపోతేనే ఆశ్చర్యం. అన్నవరం దేవుడి పేరు లేని ఊరు ఉండదు, ఒక్కో ఊళ్లో ఎంతమంది సత్యనారాయణలో. ఇంగ్లీషులో కొట్టేటప్పుడు ఒకరోజు వై పెడతాం, ఒకరోజు ఐ పెడతాం. ఇంటిపేరు ఒకసారి ముందు, ఒకసారి వెనక. ఒకసారి గౌరవం కొద్దీ చివర 'గారు' కూడా కలుపుతాం. అచ్చంగా అదే పేరు రెండోసారి కొడితే ట్యాలీ ఒప్పుకోదు, ఒక్క అక్షరం మారితే మాత్రం కొత్త మనిషి అనుకుంటుంది. అందులోనూ ఎంట్రీ మధ్యలో ఆల్ట్+సి నొక్కి అప్పటికప్పుడు లెడ్జరు తయారు చేసే సదుపాయం ఉంది. తొందరలో పాత పేరు వెతకడం కంటే కొత్తది చేయడమే తేలిక అనిపిస్తుంది.

కలిపే ముందు ఆ మూడూ ఒకే మనిషివని నిర్ధారించుకోండి. అన్నదమ్ముల పిల్లలకి ఇంటిపేరు, తాతగారి పేరు ఒకటే ఉండే ఇళ్లు మీ ఊళ్లోనూ ఉంటాయి. బిల్లు పుస్తకంలో సంతకం చూడండి, ఫోన్ నంబరు చూడండి. తేలాక, తక్కువ ఎంట్రీలున్న లెడ్జర్లని తెరిచి, ఒక్కో వోచర్‌లో (ఎంట్రీలో) పేరు మార్చి అసలు లెడ్జరుకి పంపండి. పని ఎక్కువే, కానీ బిల్లులు, తేదీలు అన్నీ ఒకచోటికి వస్తాయి. ఎంట్రీలు మరీ ఎక్కువగా ఉంటే ఎఫ్7లో జర్నల్ వేసి బ్యాలెన్స్ మాత్రం బదిలీ చేయొచ్చు. అప్పుడు పాత లెడ్జరు చెరిపేయడం కుదరదు, ఎంట్రీలున్న లెడ్జరుని ట్యాలీ తీయనివ్వదు. దాని పేరు ముందు 'పాతది, వాడొద్దు' అని పెట్టండి.

ఖాళీ అయిన లెడ్జర్లని తీసేసే ముందు అవి ఏ గ్రూపులో ఉన్నాయో కూడా చూడండి. ఆల్ట్+సితో చేసినవి సండ్రీ డెటార్స్‌లో (మనకి బాకీ ఉన్నవాళ్ల గ్రూపు) ఉండాల్సింది పొరపాటున ఖర్చుల గ్రూపులో ఉంటాయి. అలా ఉంటే రైతు బాకీ లాభనష్టాల ఖాతాలోకి చేరి, షాపుకి నష్టం వచ్చినట్టు కనిపిస్తుంది.

ఇకముందు పేరు పెట్టే పద్ధతి ఒకటి రాసి కంప్యూటరు పక్కన అంటించుకోండి. నేను చెప్పేది: ఇంటిపేరు, పేరు, ఊరు. స్పెల్లింగు పట్టాదారు పాస్‌బుక్‌లో ఉన్నట్టు. ఎలియస్ (మారుపేరు) గడిలో ఆయన ఫోన్ నంబరు. అప్పుడు ఎంట్రీలో నంబరు కొట్టినా మనిషి వచ్చేస్తాడు, స్పెల్లింగుతో పనే ఉండదు.

ప్రశ్న: మేం చెరువులకి ఏరియేటర్లు, మోటార్లు అమ్ముతాం. ఒక కస్టమరు ఫోన్ చేసి మీ బిల్లు మా 2బీలో (కొన్న సరుకు మీద కట్టిన జీఎస్టీ వివరాల పట్టికలో) రాలేదు, పన్ను క్రెడిట్ పోయింది అంటున్నారు. మేం రిటర్ను వేసేశాం. పొరపాటు ఎక్కడ జరిగింది? (షాపు మేనేజరు, పాలకొల్లు)

జవాబు: ముందు మీ ట్యాలీలో ఆ కస్టమరు లెడ్జరు తెరిచి జీఎస్టీ నంబరు గడి చూడండి. అది ఖాళీగా ఉంటే, ఆ బిల్లు రిజిస్ట్రేషన్ లేని కొనుగోలుదారుకి అమ్మినట్టు పోయి ఉంటుంది, ఆయన 2బీలోకి రాదు.

నంబరు ఉంటే దాన్ని ముక్కలుగా చదవాలి. మొత్తం 15 గుర్తులు. మొదటి రెండు రాష్ట్రం: మనకి 37, తెలంగాణకి 36. తర్వాతి పది వాళ్ల పాన్: అందులో ముందు అయిదు అక్షరాలు, తర్వాత నాలుగు అంకెలు, చివర ఒక అక్షరం. కాబట్టి ఆ అయిదింటిలో సున్నా ఉండదు, ఆ నాలుగింటిలో ఓ అక్షరం ఉండదు. మామూలు రిజిస్ట్రేషన్లలో 14వ గుర్తు జెడ్. చివరిది తనిఖీ గుర్తు, అంటే ముందున్న వాటిని బట్టి లెక్క కట్టి వచ్చేది. ఒక్క గుర్తు తప్పు కొడితే చాలావరకు అక్కడే దొరికిపోతుంది.

దొరకనిది ఏమిటంటే, నంబరు సరైనదే గానీ వేరేవాళ్లది అయినప్పుడు. హైదరాబాద్‌లోనూ ఇక్కడా బ్రాంచీలున్న కంపెనీకి పాన్ ఒకటే, జీఎస్టీ నంబర్లు రెండు. 36ది పెట్టేస్తే మీ బిల్లు ఆ బ్రాంచి 2బీలోకి పోతుంది, పన్ను కూడా రాష్ట్రం లోపలి అమ్మకానికి వేసే సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీ బదులు వేరే రాష్ట్రానికి అమ్మితే వేసే ఐజీఎస్టీ పడుతుంది.

వేసేసిన రిటర్నులో తప్పుని తర్వాతి నెల జీఎస్టీఆర్-1లో (అమ్మకాల వివరాలు ఇచ్చే రిటర్ను) సరిచేసి చూపించాలి. ఆర్థిక సంవత్సరం ముగిశాక వచ్చే నవంబరు 30 దాకా, లేదా వార్షిక రిటర్ను వేసేదాకా, ఏది ముందైతే అది గడువు. మీ ఆడిటరు గారితో మాట్లాడి ఈ నెలలోనే చేయండి. కస్టమరుకి ఏ నెల 2బీలో వస్తుందో తేదీతో సహా చెప్పండి. వాళ్లకి కావాల్సింది ఆ మాటే.

ప్రశ్న: బ్యాంకు స్టేట్‌మెంట్ ఎక్సెల్‌లో తెచ్చి ట్యాలీలోకి ఎక్కించాను. కొన్ని ఎంట్రీలు వేరే నెలల్లో పడ్డాయి, కొన్ని అసలు ఎక్కలేదు. (అకౌంటెంట్, తణుకు)

జవాబు: ఎక్సెల్‌లో తేదీల వరుసని జాగ్రత్తగా చూడండి. కొన్ని గడికి కుడివైపు ఆనుకుని ఉంటాయి, కొన్ని ఎడమవైపు. మీ కంప్యూటరు నెల ముందు, రోజు తర్వాత అనుకునే సెట్టింగులో ఉంది. 05-04 అని ఉంటే ఏప్రిల్ 5ని మే 4 అనుకుంది, అవి కుడివైపు ఉన్నాయి. 18-04 అంటే 18వ నెల లేదు కాబట్టి దాన్ని తేదీగా కాకుండా మామూలు రాతగా వదిలేసింది, అవి ఎడమవైపు ఉన్నాయి. మొదటివి వేరే నెలల్లో పడ్డాయి, రెండోవి ఎక్కలేదు. విండోస్ రీజియన్ సెట్టింగులో ఇండియా పెట్టి, బ్యాంకు నుంచి ఫైలు మళ్లీ దించుకుని ఎక్కించండి. తప్పుగా మారిపోయిన ఫైలుని చేత్తో దిద్దొద్దు.

చెక్కు నంబర్లు కూడా చూసుకోండి. 000731 అన్నది ఎక్సెల్‌లో 731 అయిపోతుంది. పొడవాటి రిఫరెన్స్ నంబర్లలో 15 అంకెల తర్వాతవి సున్నాలుగా మారిపోతాయి. ఆ వరుసని ముందే టెక్స్ట్‌గా మార్చి ఉంచాలి.

ప్రశ్న: గాలివాన రోజున ఎంట్రీ మధ్యలో కరెంటు పోయింది. మళ్లీ తెరిస్తే కంపెనీ తెరుచుకోవడం లేదు, ఎర్రర్ అంటోంది. ఇప్పుడేం చేయాలి? (గుమాస్తా, రాజోలు)

జవాబు: ఏదీ నొక్కకండి ముందు. డేటా ఫోల్డర్‌లో మీ కంపెనీ నంబరుతో ఉన్న ఫోల్డరుని ఉన్నది ఉన్నట్టు పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేయండి. ఆ తర్వాతే ఆల్ట్+వై నొక్కి రిపేర్ ఇవ్వండి. చాలాసార్లు తెరుచుకుంటుంది. తెరుచుకున్నాక సంబరపడిపోకుండా, ఆ రోజు బిల్లు పుస్తకం పక్కన పెట్టుకుని చివరి బిల్లుల నంబర్లు వరుసగా ఉన్నాయో లేదో చూడండి. సగంలో ఉన్న ఎంట్రీ దాదాపుగా పోయి ఉంటుంది, అది మళ్లీ కొట్టాలి.

రిపేరుకి లొంగకపోతే పాత బ్యాకప్ రీస్టోర్ చేయడమే దారి. బ్యాకప్ అదే కంప్యూటర్లో ఉంచుకుంటే, హార్డ్ డిస్క్ పోయినప్పుడు రెండూ పోతాయి. సాయంత్రం షట్టరు దించే ముందు పెన్‌డ్రైవ్‌లోకి తీసుకుని ఇంటికి పట్టుకెళ్లండి. సముద్రం పక్కన ఉన్న ఊళ్లలో, అక్టోబరు నవంబరు నెలల్లో, యూపీఎస్ లేకుండా ఎంట్రీలు వేయడం మానేయండి. ఆ మాట ఓనరు గారితో నేను చెప్పానని చెప్పండి.

ప్రశ్న: మాది బట్టల హోల్‌సేల్. ఆడిటరు గారు సంతకం పెట్టిన పోయినేడాది బ్యాలెన్స్ షీటుకీ, ఇప్పుడు ట్యాలీలో అదే తేదీకి తీసిన బ్యాలెన్స్ షీటుకీ 18,300 తేడా వస్తోంది. పాత సంవత్సరంలో మేం ఏమీ ముట్టుకోలేదు. (భాగస్వామి, ద్వారపూడి)

జవాబు: ముట్టుకోలేదని మీరనుకుంటున్నారు, తేదీ ముట్టుకుంది. ట్యాలీ చివర ఏ తేదీలో ఎంట్రీ వేశామో ఆ తేదీ దగ్గరే నిలబడి ఉంటుంది. ఏప్రిల్‌లో ఎవరో పాత లెక్క సరిచూడటానికి ఎఫ్2తో మార్చి 31కి వెళ్లి ఉంటారు. తర్వాత సీట్లో కూర్చున్నవాళ్లు తేదీ చూడకుండా ఆ రోజు బిల్లు కొట్టేశారు. ఏప్రిల్ 3 బిల్లు మార్చి 31లో పడింది.

సంతకమైన కాపీ, ఇప్పటి కాపీ పక్కపక్కన పెట్టి, ఏ గ్రూపులో తేడా ఉందో చూడండి. ఆ గ్రూపు తెరిచి, ఏ లెడ్జరులో ఉందో చూడండి. ఆ లెడ్జరులో మార్చి చివరి రోజుల వోచర్లలో 18,300 ఎదురవుతుంది, దాని బిల్లు నంబరు ఏప్రిల్ వరుసలోది అయి ఉంటుంది. కాగితం బిల్లు మీద తేదీ చూసి వోచర్ తేదీ మార్చండి. పాత బ్యాలెన్స్ షీటు సంతకమైన అంకెకి తిరిగి వస్తుంది. ఏప్రిల్ నెల జీఎస్టీ రిటర్నులో ఆ బిల్లు తప్పిపోయి ఉండొచ్చు, అది కూడా చూసుకోండి.

ఇలా మళ్లీ జరక్కుండా యూజర్ల సెక్యూరిటీలో వెనక తేదీల వోచర్లకి కటాఫ్ తేదీ పెట్టే వీలుంది. ఆడిట్ పూర్తయిన రోజునే మార్చి 31 అని పెట్టేయండి. మీది ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ అయితే 2023 ఏప్రిల్ 1 నుంచి, ఎవరు ఎప్పుడు ఏ ఎంట్రీ మార్చారో రికార్డు ఉంచే సాఫ్ట్‌వేర్ వాడటం తప్పనిసరి. భాగస్వామ్య సంస్థకి ఆ నిబంధన లేకపోయినా, ఎడిట్ లాగ్ ఉన్న ట్యాలీ వాడితే ఈ వెతుకులాట నిమిషాల్లో తేలుతుంది.

ఒకవేళ ఆ 18,300 నిజంగానే పోయినేడాది బిల్లై, అప్పుడు ఎంట్రీ వేయడం మరిచిపోయి ఉంటే దారి వేరు. సంతకమైన సంవత్సరంలోకి దాన్ని దూర్చకండి. ఆడిటరు గారికి చూపించి, ఆయన ఒప్పుకున్నాక ఈ ఏడాది తేదీతో వేసి, నెరేషన్‌లో పాత బిల్లు నంబరు, తేదీ రాయండి.